కోడిగుడ్డుకు లోపలి గడియ

పని పూర్తి కావడమంత దరిద్రం ఈ లోకంలో మరొకటి లేదు.

ఉలిక్కిపడకండి. ఈ మాట నేను ఊసుపోక అనడం లేదు. ఇన్నేళ్ల అనుభవం మీదా, ప్రస్తుతం నేను కూర్చుని ఉన్న చోటు మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఆ చోటేమిటో తర్వాత చెబుతాను. తొందరేముంది?

ఒక్కసారి ఆలోచించండి. పని అయిపోయాక ఏం మిగులుతుంది? చేతులు కడుక్కోవడం మిగులుతుంది. అదే పని ఇంకా చర్చల్లో ఉందనుకోండి! ఫోన్ మోగుతూ ఉంటుంది. చుట్టాలు పలకరిస్తూ ఉంటారు. "ఎందాకా వచ్చింది?" అని నలుగురూ అడుగుతారు, "జరుగుతోంది" అని మనం గంభీరంగా తలాడిస్తాం. మనం లేకపోతే ఈ ప్రపంచం ఏమైపోతుందో అన్న దిగులు మనకే కలుగుతుంది. ఇంత మేలు చేసే మీటింగును పట్టుకుని కొందరు టైమ్ వేస్ట్ అంటారు. వాళ్ల నోళ్లు మూయించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. ఆఫీసులో నా ఉద్యోగం రివ్యూ చేయడం. వేరేవాళ్లు గీసినవీ రాసినవీ నా టేబుల్ మీదికి వస్తాయి. వాటికి నేను కామెంట్లు పెడతాను. వాళ్లు దిద్ది పంపుతారు. దిద్దినదానికి మళ్లీ కామెంట్లు పెడతాను. గిట్టనివాళ్లు దీన్ని కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారు. అననివ్వండి. ఓపిగ్గా వెతికితే ఈక దొరకని గుడ్డు నాకింతవరకూ తగల్లేదు.

అయితే ఆ పైవాడు ఒకరోజు నిజంగానే నాకొక కోడిగుడ్డును అప్పగిస్తాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మా అత్తయ్యగారు దర్జీ. కుట్టుమిషన్ తొక్కి తొక్కి ముగ్గురు పిల్లల్ని పెద్దచేసిన మనిషి. పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, ఒక పాత అద్దె ఇంట్లో కోళ్లను పెంచుకుంటూ ఒక్కరే ఉండేవారు. ఆ ఇంటిని పడగొట్టి పెద్ద బిల్డింగ్ కట్టుకుంటామని ఓనర్లు అన్నారు. దాంతో ఆవిడ మా ఇంటికి వచ్చారు. వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషన్, ఒక గంప, ఆ గంప కింద మూడు కోళ్లు.

దర్జీ చేతిలో పెరిగిన కోళ్లు కాబట్టి వాటి పేర్లు కత్తెర, బాబిన్, గుండీ. కత్తెర కనిపించినదాన్నల్లా ముక్కుతో తెంపుతుంది. బాబిన్ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. గుండీ గుండ్రంగా ఉంటుంది, అంతకుమించి దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అత్తయ్యగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తేల్చి చెప్పేశారు.

"కోళ్లకో గూడు, నాకో మూల. ఈ రెండూ కుదిరితే ఇక్కడే ఉంటాను అల్లుడుగారూ. కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పండి, మా చెల్లెలి దగ్గరికి పోతాను."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆ చెల్లెలి ఇల్లు ఎక్కడో దూరాన ఉంది, పైగా ఉన్నవాళ్లకే అక్కడ చోటు చాలదు. తల్లి అక్కడికంటూ వెళితే మళ్లీ ఇటు రాదని మా ఆవిడకు తెలుసు. తల్లి తన దగ్గరుండాలని ఎన్నాళ్లనుంచో కోరుకుంటున్న మనిషి కూడాను. "అన్నీ కుదురుతాయమ్మా, నువ్వు లోపలికి రా ముందు" అంటూ ట్రంకుపెట్టె తనే అందుకుంది.

మా ఇంట్లో మూడో గది ఒకటుంది. చిన్నదే, కానీ కిటికీ ఉంది, తలుపు ఉంది. అందులో నా ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంటుంది. దాన్ని నేను ఎక్కడం మానేసి చాలాకాలమైంది గానీ, తువ్వాళ్లు ఆరేసుకోవడానికి దాన్ని మించిన వస్తువు లేదు. ఆ గది అత్తయ్యగారిదేనని ఆ పూటే అందరం ఒప్పుకున్నాం. కాకపోతే గూడు పని అయ్యేదాకా డ్రాయింగులూ, చెక్క శాంపిళ్లూ, రంగు డబ్బాలూ పెట్టుకోవడానికి ఒక చోటు ఉండాలి కదా? అందుకని దాన్ని ప్రాజెక్ట్ ఆఫీస్ చేశాను. అత్తయ్యగారికి తాత్కాలికంగా హాల్లో దివాన్ ఇచ్చాం. టీవీకి ఎదురుగా, వీధి తలుపు పక్కన, బాత్రూంకి వెళ్లే దారిలో ఉంటుందది. అన్ని సదుపాయాలూ చేతికందే చోటు!

"తొందరేముంది అత్తయ్యగారూ? నిదానంగా, అందరినీ అడిగి, పకడ్బందీగా చేద్దాం" అన్నాను.

"అలాగే బాబూ" అన్నారావిడ.

ఆ రోజే "కోడిగూడు కోర్ టీమ్" అని ఫోన్లో ఒక గ్రూప్ పెట్టాను. సభ్యులెవరంటే, మా తోడల్లుడుగారు, బావమరిది, మా అమ్మాయి, నేను. మా ఆవిడను కూడా చేర్చాను గానీ, "నాకు పనుంది" అని చెప్పి అదే రోజు బయటికి వెళ్లిపోయింది. అత్తయ్యగారిని చేర్చలేదు. ఆవిడది బటన్ల ఫోన్.

మా తోడల్లుడుగారు వంతెనలు కట్టించే ఇంజనీరు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "లోడ్ ఎంత తమ్ముడూ?"

మూడు కోళ్లన్నాను.

"ఇవాళ మూడు. రేపు?"

ఆయన పునాది గీసి పంపారు. నడుం లోతు గొయ్యి, ఇనపచువ్వలు, కాంక్రీటు, వరద నీరు మలుపు తిరిగిపోవడానికి ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. మా పెరట్లో నది లేదని మనవి చేశాను. "రాదని గ్యారంటీ ఇస్తావా?" అన్నారు. ఇవ్వలేకపోయాను. రేపటి సంగతి గ్యారంటీగా చెప్పగలిగేవాణ్ణయితే నాకీ ఉద్యోగం ఎందుకు?

బావమరిది వేరే ఊళ్లో పెద్ద కంపెనీలో స్ట్రాటజీ చూస్తాడు. స్ట్రాటజీ అంటే ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోవాలని చాలాసార్లు అడిగాను, అతనూ చాలాసార్లు చెప్పాడు. వీడియో కాల్‌లో రెండు చేతులూ గాల్లో తిప్పుతూ, "బావా, మనం గూడు కట్టడం లేదు. ఒక అనుభవాన్ని కడుతున్నాం" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. తల్లిని తన దగ్గరే పెట్టుకోవాలని అతనికి ప్రాణం కొట్టుకుంటుంది పాపం. కానీ వాళ్ల అపార్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం కోళ్లను ఉంచుకోవడం నిషేధం. తల్లుల గురించి ఏముందో ఇంకా చదువుతున్నాడు.

ఇక మా అమ్మాయి. కాలేజీ చదువు, పదునైన నోరు. "కోడి వైపునుంచి ఎవరైనా ఆలోచించారా నాన్నా?" అని అడిగింది. మేము సిగ్గుపడ్డాం. అది పెరట్లో గొంతుక్కూర్చుని కోడి కళ్ల ఎత్తు నుంచి ఫోటోలు తీసింది. తర్వాత ఒక ప్రకటన చదివింది. పొద్దుటి వెలుగు పడేలా ఒక కిటికీ ఉండాలి. టీవీ మోత వినపడకూడదు. నిద్రపోతున్నప్పుడు ఎవరూ పక్కనుంచి అటూ ఇటూ తిరగకూడదు. దాని చోటులో ఇంకొకరి సామాన్లు పెట్టకూడదు. దాని వయసుకు తగ్గ గౌరవం ఇవ్వాలి.

ఎంత సున్నితమైన మనసు! ఒక్కొక్కదానికీ చప్పట్లు కొట్టి ఆమోదించాం. ఆ మీటింగులన్నీ మా హాల్లోనే, దివాన్ మీదే జరిగేవి. మేము వచ్చి కూర్చున్నప్పుడల్లా అత్తయ్యగారు కాళ్లు ముడుచుకుని, గోడవైపు జరిగి చోటిచ్చేవారు. చేతిలో ఏదో ఒక అంచు కుడుతూనే ఉండేవారు. ఒకోసారి కూర్చునే కోడికునుకు తీసేవారు. మేము గొంతు తగ్గించేవాళ్లం కాదు, ఎందుకంటే నిద్రాభంగం అనే అంశం మీదే అప్పుడు చర్చ నడుస్తోంది.

లోపలి గడియ పుట్టింది కూడా అక్కడే. గుడ్డు పెట్టే సమయంలో కోడికి ప్రైవసీ కావాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ప్రైవసీ అంటే తలుపుండాలి, తలుపంటే గడియ ఉండాలి, బయటినుంచి వేస్తే అది జైలవుతుంది కాబట్టి గడియ లోపల ఉండాలి. ఇలా తర్కబద్ధంగా తేల్చారు తోడల్లుడుగారు. అందులో ఒక్క లొసుగు కనబడితే మీరే చెప్పండి!

అత్తయ్యగారు కుడుతున్న గుడ్డలోంచి తలెత్తారు. "లోపల గడియా?" అన్నారు. మళ్లీ తల దించుకున్నారు.

మధ్యలో ఒకరోజు ఆవిడే నన్ను పిలిచారు. "అల్లుడుగారూ, ఇక్కడ అడ్డంగా ఒక తెర కట్టుకోనా? గుడ్డ నా దగ్గరే ఉంది. చీర మార్చుకోవాలంటే ప్రతిసారీ బాత్రూంలోకి పోవలసి వస్తోంది."

కాదనడం నా పద్ధతి కాదు. వెంటనే గ్రూప్‌లో పెట్టాను. హాల్ లుక్ దెబ్బతింటుందని బావమరిది అన్నాడు. గాలి ఆడదని తోడల్లుడుగారు అన్నారు. టీవీకి అడ్డం రాదు కదా అని మా అమ్మాయి అడిగింది. అన్ని వైపులనుంచీ పరిశీలించి, గూడు పని అయ్యాక చూద్దామని వాయిదా వేశాం. అసలు వాయిదా అనేదే లేకపోతే మనుషులు ఒకరి మొహం మీద ఒకరు కాదని చెప్పుకోవలసి వచ్చేది కదా? ఎన్ని కాపురాలు కూలిపోయేవో!

ఆ తర్వాత కొద్దిరోజులకే గూడు కిటికీకి తెర ఉండాలని మా అమ్మాయి ప్రతిపాదించింది. అత్తయ్యగారి దగ్గర గుడ్డ ఉందన్న సంగతి నాకు టక్కున గుర్తొచ్చింది. నా జ్ఞాపకశక్తిని గ్రూపంతా మెచ్చుకుంది. నీలం గుడ్డ, తెల్ల చుక్కలు. అత్తయ్యగారు కొలతలడిగి తీసుకుని, కుట్టి, ఇస్త్రీ చేసి చేతికిచ్చారు. ఆ పూట మా ఆవిడ నాతో మాట్లాడలేదు. పని ఒత్తిడేమో అనుకున్నాను.

ఈలోగా కోళ్లు మెట్లకింద గంపలో ఉండేవి. గంప ఎత్తినప్పుడల్లా ఇల్లంతా తిరిగేవి. గుండీ గుడ్డు పెట్టడానికి నా బూటును ఎంచుకుంది. నేను ఆ బూటులో కాలు పెట్టాక గానీ ఆ సంగతి తెలియలేదు. ఆఫీసుకు ఎందుకు ఆలస్యమైందో ఉన్నదున్నట్టు చెప్పాను. నా రివ్యూ నైపుణ్యం అంతా మా బాస్ దగ్గరే నేర్చుకున్నానని ఆ రోజు మళ్లీ తెలిసింది.

"ఆ గది ఎప్పుడు ఖాళీ చేస్తారండీ?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

"గూడు అవ్వగానే."

"గూడు ఎప్పుడవుతుంది?"

"కర్ర తేలగానే."

కర్ర సంగతి మీకు చెప్పలేదు కదూ. కోడి నేల మీద పడుకోదట, చీకటి పడితే కర్ర పట్టుకుని దాని మీద కూర్చుని నిద్రపోతుందట. అయితే ఆ కర్ర గుండ్రంగా ఉండాలా, పలకలుగా ఉండాలా? వెదురా, టేకా? గోడకు బిగించాలా, వేలాడదీయాలా? ఇది ఆషామాషీ వ్యవహారం కాదని దానికి వేరే ఒక సబ్-గ్రూప్ పెట్టాం. అది ఇప్పటికీ చురుగ్గా పనిచేస్తోంది.

కర్ర తేలేలోపు గూడు పెట్టె పని మొదలుపెట్టిద్దామని వడ్రంగికి మెసేజ్ పంపాను. నేను టైప్ చెయ్యను. ఫోన్‌కు నోటితో చెబుతాను, అది రాసుకుంటుంది. ఈ కాలంలో పుట్టినందుకు మనం ఎంత అదృష్టవంతులం! కిటికీ, తెర, మనిషి నిలబడి ఊడ్చుకునేంత ఎత్తు, లోపల గడియ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పంపే ముందు గ్రూప్‌లో కూడా పెట్టాను. అందరూ సరేనని బొటనవేలి గుర్తు పెట్టారు. వడ్రంగి ఏదో సందేహం అడిగాడు. మీటింగులో ఉన్నాను కాబట్టి ఆయనకూ ఒక బొటనవేలు పంపాను.

సరుకు దిగిన రోజు మేమంతా పెరట్లో నిలబడి గుడ్లప్పగించి చూశాం. ఆ మాట ఇంత అతికినట్టు సరిపోయే సందర్భం మళ్లీ నా జీవితంలో రాదు. ఎందుకంటే ఆటో ట్రాలీ మీదనుంచి దిగింది ఒక గుడ్డు. నా కంటే ఎత్తుగా, నున్నగా, కింద వెడల్పుగా, పైకి పోను సన్నగా, చెక్కతో చేసిన కోడిగుడ్డు.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

"మీరు చెప్పిందే సార్" అన్నాడు వడ్రంగి.

"నేను చెప్పింది గూడు."

ఆయన ఫోన్ తీసి చూపించాడు. కిటికీ, తెర, ఎత్తు, గడియ, అన్నీ ఉన్నాయి. చివర "ఇన్ని సదుపాయాలతో ఒక కోడిగుడ్డు కావాలి" అని ఉంది. గూడు అన్నదాన్ని ఫోన్ గుడ్డుగా విన్నది.

"గుడ్డేనా సార్ అని నేను అడిగాను కూడా. మీరు బొటనవేలు పెట్టారు."

నిజమే, పెట్టాను. ఒక్క నేనేనా? గ్రూపంతా పెట్టింది. ప్రతివాళ్లూ మిగతావాళ్లు చదివి ఉంటారన్న నమ్మకంతో పెట్టారు. మనిషికి మనిషి మీద ఇంత నమ్మకం మీటింగుల్లో తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది?

వడ్రంగి గుడ్డును మేము ముందే పోయించి ఉంచిన పునాది మీద బిగించి వెళ్లబోతూ ఆగాడు. "ఒక్కమాట సార్. లోపలి గడియ కోడి ఎలా వేసుకుంటుంది?"

"ట్రైనింగ్ ఇస్తాం" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

పొరపాటు జరిగిందని గ్రూప్‌లో ఎవరైనా అన్నారనుకుంటున్నారా? అంత మర్యాద తెలియనివాళ్లం కాదు. ముందు బావమరిది రాశాడు: "కోడిలోంచి గుడ్డు, గుడ్డులోకి కోడి. అదిరింది బావా కాన్సెప్ట్." ఆ మాటతో అందరికీ ఊపిరొచ్చింది. తాను మొదటినుంచీ అనుకుంటున్నది కూడా ఇదేనని తోడల్లుడుగారు అన్నారు. గుండ్రటి గోడకు గాలి దెబ్బ తగలదట.

అప్పుడు మొదలైంది అసలు పండగ. ఎన్నో ఏళ్లుగా ఉత్తుత్తి గుడ్ల మీద ఈకలు పీకినవాణ్ణి, ఎదురుగా నిజం గుడ్డు నిలబడితే ఊరుకుంటానా? రంగు తెలుపా, గోధుమా? నున్నగా ఉండాలా, కాస్త గరుకుగానా? అసలు గుడ్డుకు కిటికీ ఉండటం సహజమేనా? చర్చలు బ్రహ్మాండంగా సాగాయి. అత్తయ్యగారు దివాన్ మీద కాళ్లు ఇంకాస్త ముడుచుకున్నారు.

చివరికి ఓపెనింగ్ రోజు రానే వచ్చింది. తోడల్లుడుగారు ఒక ఫోన్‌లో, బావమరిది ఇంకో ఫోన్‌లో చూస్తుండగా గుడ్డు తలుపు తెరిచి, గంప ఎత్తాను. కత్తెర గుమ్మందాకా వెళ్లి లోపలికి తొంగిచూసింది. పట్టుకుని కూర్చోవడానికి అక్కడ కర్ర లేదు. సబ్-గ్రూప్ ఇంకా తేల్చలేదు కదా. మూడు కోళ్లూ వెనక్కి తిరిగి, ఇంట్లోకి నడిచి, మూడో గదిలోకి వెళ్లి, ఎక్సర్‌సైజ్ సైకిల్ హ్యాండిల్ మీదికి ఎగిరి వరసగా కూర్చున్నాయి. కోడి ముందా గుడ్డు ముందా అని ప్రపంచం ఇంకా కొట్టుకుంటోంది. మా పెరట్లో మాత్రం గుడ్డే ముందు. కోళ్లు ఇంకా రాలేదు.

దీన్ని వైఫల్యం అంటారా? నేను ఫీడ్‌బ్యాక్ అంటాను. మళ్లీ మీటింగ్ పెట్టాను. కోళ్లకు ఆ గది నచ్చింది కాబట్టి ప్రస్తుతానికి వాటిని అక్కడే ఉంచుదామనీ, అత్తయ్యగారు ఇంకొన్నాళ్లు హాల్లోనే సర్దుకుంటారనీ నిర్ణయించాం.

"ఇంకొన్నాళ్లంటే ఎన్నాళ్లు బాబూ?" అని అడిగారావిడ. అంతకుముందు ఆవిడ ఎప్పుడూ అలా అడగలేదు.

"తొందరేముంది అత్తయ్యగారూ?" అన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం, మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి దివాన్ ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. కుట్టుమిషన్‌కు మూత వేసి ఉంది. గుమ్మంలో అత్తయ్యగారి చెప్పులు లేవు. నేను ఆ రోజు ఇంట్లోనే, ప్రాజెక్ట్ ఆఫీసులో, కోళ్ల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఎప్పుడు లేచి వెళ్లారో నాకు తెలియదు.

"వెళ్లిపోయింది. అమ్మ పిన్ని దగ్గరికి వెళ్లిపోయింది" అంది మా ఆవిడ. "కూతురి ఇంట్లో మా అమ్మకి ఒక తలుపు లేకపోయింది కదండీ."

నేను ఫోన్ తీశాను. "ఎవరికి చేస్తున్నారు?" అంది.

"గ్రూప్‌లో ఒకసారి..."

మా ఆవిడ నా వైపు చూసిన చూపును నేనిక్కడ వర్ణించను. ఫోన్ జేబులో పెట్టేశాను. వీధి చివరిదాకా పరిగెత్తి చూసొచ్చాం. పక్కింటివాళ్లను అడిగాం. పిన్నిగారికి ఫోన్ చేస్తే, రాలేదన్నారు. ఆఖరికి నీళ్ల తొట్టి పక్కనుంచి పెరట్లోకి వెళ్లేసరికి, గుడ్డు గుమ్మం ముందు చెప్పులు కనిపించాయి. కిటికీకి నీలం తెర దించి ఉంది.

మా ఆవిడ తలుపు తోసింది. రాలేదు. "అమ్మా, తలుపు తియ్యి."

లోపల ఏదో కదిలిన చప్పుడైంది. తర్వాత నిద్రమత్తులో ఉన్న గొంతు వినిపించింది.

"తీస్తాలేవే. మీ ఇంటికొచ్చాక ఇవాళే గడియ వేసుకున్నాను. కాసేపుండనీ."

మా ఆవిడ ఆ గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుండిపోయింది. తలుపుకు తల ఆనించి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకేం చెయ్యాలో తోచలేదు. ఈ సందర్భానికి సంబంధించి ఏ గ్రూపూ లేదు.

అసలైన దారుణం ఆ సాయంత్రం జరిగింది. చెప్పడానికే నోరు రావడం లేదు. మా ఆవిడ ఎవరినీ అడగకుండా, ఒక డ్రాయింగ్ లేకుండా, కనీసం ఒక బొటనవేలైనా పెట్టించుకోకుండా, మూడో గదిని ఖాళీ చేసింది. శాంపిళ్లు, రంగు డబ్బాలు, తోడల్లుడుగారి పునాది బొమ్మలు, అన్నీ బయటికొచ్చాయి. ఎక్సర్‌సైజ్ సైకిల్‌ను మా అమ్మాయీ తనూ చెరోవైపు పట్టుకుని తీసుకెళ్లి గుడ్డులో పడేశారు. మా అమ్మాయి ఏడుపు మొహంతో ఉంది. సైకిల్ హ్యాండిల్ వెంట కోళ్లు కూడా నడుచుకుంటూ వెళ్లి, ఎక్కి కూర్చున్నాయి. అలా నలుగురు మేధావులం కూర్చున్నా తేలని కర్ర సమస్య ఒక్క పూటలో తేలిపోయింది. సబ్-గ్రూప్ సభ్యుల మనోభావాలు ఎంత గాయపడి ఉంటాయో ఎవరైనా ఆలోచించారా?

వడ్రంగి వచ్చి అత్తయ్యగారి గది తలుపుకు లోపలివైపు గడియ బిగించాడు. కుక్కలు రాకుండా గుడ్డు తలుపుకు బయటివైపు ఒకటి బిగించాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసి వెళ్లిపోయాడు. ఎక్కడా ఒక్క చర్చ లేదు! ఇలా అయితే ఈ సమాజం ఏమైపోతుంది? ఇలా ఎవరికి తోచిన మంచి వాళ్లు చేసేసుకుంటూ పోతే, మాలాంటివాళ్లం ఏం చేసి బతకాలి?

అందుకే నా అభ్యంతరాలన్నీ సవివరంగా రాద్దామని, కొలతలు తీసుకోవడానికి ఇవాళ మధ్యాహ్నం టేపు పట్టుకుని గుడ్డులోకి వచ్చాను. కత్తెర నా టేపు చివర తెంపింది. బాబిన్ నా చుట్టూ తిరిగింది. గుండీ నా వైపు చూస్తూ గుండ్రంగా కూర్చుంది. నేను మోకాళ్ల మీద వంగి హ్యాండిల్ ఎత్తు కొలుస్తుండగా వెనకాల తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. గాలికి పడిందో, చేత్తో పడిందో నేను చెప్పలేను. గాలికి గాజుల చప్పుడు ఉండదని మాత్రం తెలుసు.

మొదట్లో చెబుతానన్న చోటు ఇదే. ఈ వ్యాసం ఇక్కడినుంచే, సైకిల్ సీటు మీద కూర్చుని, ఫోన్‌కు నోటితో చెప్పి రాయిస్తున్నాను. ఎక్కడైనా గూడుకు బదులు గుడ్డు పడితే సర్దుకోండి.

నిజం చెప్పాలంటే చోటు బాగుంది. వెలుగు పడుతోంది. టీవీ మోత లేదు. ఎవరూ నన్ను దాటుకుంటూ పోవడం లేదు. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకోవచ్చు. ఇంత బాగా ఆలోచించి కట్టామా అని నాకే ముచ్చటేసింది. ఎవరి కోసం ఆలోచించాం అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఎందుకో ఏ మీటింగులోనూ రాలేదు.

గ్రూప్‌లో నా పరిస్థితి వివరించాను. తలుపు ఏ వైపు తెరుచుకుంటుందని తోడల్లుడుగారు అడిగారు. దీన్ని ఒక అవకాశంగా చూడమని బావమరిది రాశాడు. మా అమ్మాయి గ్రూప్‌లోంచి వెళ్లిపోయింది.

ఇందాకే బయట చెప్పుల చప్పుడైంది. తెర పక్కకు తొలగింది. అత్తయ్యగారు.

"గడియ తియ్యమంటారా అల్లుడుగారూ?" అని అడిగారు.

అలవాటు ఎక్కడికి పోతుంది? "ఒక్క నిమిషం అత్తయ్యగారూ, అందరినీ ఒకమాట అడిగి చెబుతాను" అన్నాను. నోరు జారాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ చిన్నగా నవ్వారు. మా ఇంటికి వచ్చాక ఆవిడ నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

"అలాగే బాబూ. తొందరేముంది? నిదానంగా అడగండి" అన్నారు.

తెర మళ్లీ సరిచేసి వెళ్లిపోయారు. కాసేపటికి ఇంట్లోంచి, మూడో గది తలుపుకు లోపలి గడియ పడిన చప్పుడు వినిపించింది.